పనికిరాని రీలు

మా వదిన మా అన్నయ్యను పెళ్ళి చేసుకుంది గానీ, ఆ మనిషిని ఎన్నడూ కళ్ళతో చూడలేదు.

ఆ రోజుల్లో మావాళ్ళ పెళ్ళిళ్ళు చాలావరకు అలాగే జరిగేవి. మగవాళ్ళు ఇక్కడ ఆస్ట్రేలియా కొండల్లో సొరంగాలు తవ్వుతున్నారు. ఆడపిల్లలు అక్కడ ఇటలీలో ఉన్నారు. పెళ్ళికాని పిల్లను ఓడెక్కించి ఒంటరిగా ఏ తండ్రీ పంపడు. పెళ్ళికని మగవాడు వెళితే తిరిగొచ్చేసరికి ఇక్కడ పని ఉండదు. అందుకని పెళ్ళికొడుకు తరఫున ఇంకో మగమనిషి చర్చిలో నిలబడి ప్రమాణం చేసేవాడు. మా అన్నయ్య సాంతె తరఫున మా చిన్నాన్న నిలబడ్డాడు. తెల్ల ముసుగులో ఎల్దా, ఆ పక్కన ముందు పళ్ళు ఊడిపోయిన మా చిన్నాన్న. నవంబరులో ఆ ఫోటో క్యాంపుకు వచ్చినప్పుడు అన్నయ్య స్నేహితులు దాన్ని చేతులు మార్చుకుంటూ పడీపడీ నవ్వారు.

"ఓడ దిగాక నిన్ను చూసి బెదిరిపోతుందేమోరా సాంతె. పాపం, బోసినోటి మొగుడికి అలవాటు పడిపోయిందేమో," అన్నాడు బేపి.

బేపి సొరంగంలో అన్నయ్య షిఫ్టుకు మేస్త్రీ. మా ఊరివాడే, నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. ఆదివారం వచ్చిందంటే భోజనం మా ఇంట్లోనే. నేను మామా అని పిలిచేదాన్ని. మా అమ్మ పోయాక నాన్న, అన్నయ్య, నేను ముగ్గురం ఆ క్యాంపులో చెక్క ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న వడ్రంగి. నా పని వండి పెట్టడం, వీళ్ళ బట్టల్లోంచి రాతి దుమ్ము దులపడం, పనిలో పనిగా అందర్నీ దెప్పడం.

అన్నయ్య ఆ ఫోటో మీద మాత్రం ఎవర్నీ వేలు వెయ్యనిచ్చేవాడు కాదు. రోజూ షిఫ్టుకు వెళ్ళేముందు దాన్ని చూసుకుని, నావైపు తిరిగి, "ఫిబ్రవరిలో వచ్చేస్తుంది నీవెస్," అనేవాడు. క్యాలెండరు నాకు తెలియనట్టు.

సర్కారువారికి ఈ సొరంగాల స్కీమంటే మహా ముద్దు. కొండకు ఇవతల పారే నదిని సొరంగంలోంచి మళ్ళించి, అవతల ఎండిపోతున్న మైదానాలకు పంపడం, దారిలో కరెంటు తీయడం. అది పూర్తికాకముందే జనానికి చూపించుకోవాలని వాళ్ళ తాపత్రయం. అంతకుముందటి ఎండాకాలం ఒక చిత్రకారుణ్ణి పంపారు. ఆయన సొరంగం ముందు వారాల తరబడి బేపిని నిలబెట్టి గీశాడు. బొమ్మ చూద్దామని అందరం వెళ్ళాం. బేపి చేతులు ఎద్దు తొడల్లా ఉన్నాయి. వెనకాల సూర్యుడు ఉదయిస్తున్నాడు. మా సొరంగం నోరు పడమటి వైపుందని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

"నాకే ఆ చేతులుంటే మా ఆవిడ రొట్టెల కొట్టువాడితో పోయేదా," అన్నాడు బేపి. అందరం నవ్వాం, ఆయన ఒక్కడే నవ్వలేదు.

ఇక్కడ ఎండాకాలం డిసెంబరులోనే మొదలు. ఆ ఏడాది సినిమావాళ్ళు వచ్చారు. వాళ్ళ పెద్ద పేరు కార్మొడీ. సన్నగా, పొడుగ్గా, ఎండకు ముక్కు ఎర్రబడి ఉండేవాడు. కాఫీ ఇచ్చిన నాకూ థాంక్స్, దారిచ్చిన కుక్కకూ థాంక్స్. తర్వాత రోజుల్లో ఆయన్ను ద్వేషించాలని ఎంతో ప్రయత్నించాను, చేతకాలేదు.

డిసెంబరు మొదట్లో సొరంగం పనివాళ్ళ తల్లి, సెయింట్ బార్బరా పండగ. ఆ రోజు సొరంగంలో పని ఉండదు. చర్చి నుంచి తల్లిని పల్లకీలో పెట్టుకుని సొరంగం నోటిదాకా మోసుకెళ్ళేవాళ్ళు. ఆడవాళ్ళం అక్కడే ఆగిపోవాలి. మేం లోపల అడుగు పెడితే కొండకు కోపం వస్తుందని వాళ్ళ నమ్మకం. అన్నయ్య అన్నేళ్ళు పని చేసిన చోటు లోపల ఎలా ఉంటుందో నాకు తెలియదు. వాడి బట్టలకు అంటుకుని వచ్చే దుమ్ము ఒక్కటే తెలుసు.

ఊరేగింపు సగం దాకా వచ్చాక మబ్బు పట్టింది. కార్మొడీ పరుగున వచ్చాడు. వెలుతురు పోయిందట, పల్లకీని వెనక్కి తీసుకెళ్ళి ఎండ రాగానే మళ్ళీ మొదటినుంచి తీసుకురావాలట. ఫాదరు బేపి వైపు చూశాడు. వచ్చీరాని ఇంగ్లీషులో బేపి అందుకున్నాడు.

"తల్లిని ముందుకే మోస్తాం బాబూ. వెనక్కి మొయ్యం. ఆవిడకు రెండో ఆట ఉండదు."

కార్మొడీ క్షమించమన్నాడు, థాంక్స్ చెప్పాడు. వెళ్ళబోతూ ఆగి, పల్లకీ ముందు కొమ్ము పట్టుకున్న అన్నయ్యను పరకాయించి చూశాడు. "నీ ముఖం బాగుంది. సొరంగంలో తీసేటప్పుడు నువ్వు కావాలి. కానీ ఒక్కటి. కెమెరా వైపు చూడకూడదు. పొద్దుటి నుంచీ దాన్నే చూస్తున్నావు."

ఆ మాట నేనే అన్నయ్యకు మా భాషలో చెప్పాను.

"చూడక?" అన్నాడు అన్నయ్య. "ఈ సినిమా మన దేశంలో కూడా ఆడిస్తారట కదా. ఎల్దావాళ్ళ అమ్మ చూస్తుంది. అల్లుడు మొహం చాటేశాడనుకోదూ?"

పండగ హడావిడి అయ్యాక జనవరిలో సొరంగం లోపల షూటింగు పెట్టారు. సినిమా మొత్తానికీ అదే గుండెకాయలాంటిదట. సొరంగం చివర గోడలా నిలబడ్డ రాయి, దాని ముందు డ్రిల్లు పట్టిన ఒక్క మగవాడు. అప్పటికి ఎల్దా జెనోవాలో ఓడెక్కేసింది.

మొదటిరోజు సాయంత్రం అన్నయ్యా బేపీ కలిసి ఇంటికొచ్చారు. నేను మొక్కజొన్న సంకటి దించుతున్నాను. అన్నయ్య ముఖం వెలిగిపోతోంది, బేపి ముఖం మాడిపోయి ఉంది.

"ఎలా జరిగిందిరా?" అన్నాడు నాన్న.

"బ్రహ్మాండంగా."

"బ్రహ్మాండమా నీ బొందా," అన్నాడు బేపి నాన్న పక్కన కుర్చీ లాక్కుంటూ. "నీ కొడుకు సగం షిఫ్టు తగలేశాడు తీతె. గోడ కడిగాం. ఆ తడికి దీపాలు తళతళ కొట్టి కెమెరాకి కళ్ళు పోతున్నాయట. ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాం. ఆరింది. డ్రిల్లులోకి నీళ్ళు రాకుండా కట్టెయ్యమన్నారు, దుమ్ము లేస్తే వెలుతురు అందంగా పడుతుందట. కట్టేశాం. అంతా తయారు. వీడు డ్రిల్లు ఎత్తుతాడు, రాయికి ఆనిస్తాడు, ఠక్కున తల తిప్పి కెమెరాకేసి పళ్ళికిలిస్తాడు."

"మళ్ళీ తియ్యొచ్చు కదా," అన్నాను.

"మళ్ళీ తీశారు నీవెస్. మళ్ళీ ఇకిలించాడు. ఆ పెద్దమనిషి వచ్చి భుజం తట్టి, నాయనా అటు చూడకూ అని చెప్తాడు. వీడు బుద్ధిగా తలూపుతాడు. మళ్ళీ అదే వరస. తెచ్చుకున్న ఫిల్మంతా అయిపోయేదాకా ఇదే తంతు."

నాన్నకు నవ్వాగలేదు. "నీకేం పుట్టిందిరా?"

"ఏం చెయ్యను నాన్నా," అన్నాడు అన్నయ్య. వాడి చెవులు ఎర్రబడ్డాయి. "ఆ దీపాల వెనకాల ఏమీ కనిపించదు, అంతా చీకటి. మధ్యలో ఆ గాజు కన్ను ఒక్కటే. దాని వెనకాల ఎల్దా కూర్చున్నట్టే ఉంటుంది. నేను తిప్పను, తలే అటు తిరుగుతుంది."

"ముదిరింది," అన్నాను.

"నువ్వు నవ్వవే నవ్వు. సినిమా వచ్చాక దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తాను. నువ్వింకా సముద్రం మీద ఉండగానే నిన్ను చూశానే అని చెప్తాను."

ఆ మాట అన్నప్పుడు వాడి గొంతులో వేళాకోళం లేదు. నాకు ఏదోలా అనిపించి పళ్ళెంలో ఇంకాస్త సంకటి పెట్టాను. బేపి మాత్రం ముద్ద నోట్లో పెట్టుకోకుండా కెలుకుతూ కూర్చున్నాడు.

"రేపు మళ్ళీ తీస్తారట," అన్నాడు కాసేపటికి. "గోడ ఆరేదాకా ఇంకో పూట కూర్చోడానికి ఇంజనీరు ససేమిరా అన్నాడు. రేపు కడక్కుండానే కానిచ్చెయ్యమన్నాడు."

నాన్న చెంచా కింద పెట్టేశాడు.

సొరంగం లోపల చూడని నాకు కూడా దాని అర్థం తెలుసు. రాయికి కన్నాలు పెట్టి, వాటిలో మందు కూరి పేలుస్తారు. ఒక్కోసారి ఏదో ఒక కన్నం అడుగున కొంచెం మందు పేలకుండా మిగిలిపోతుంది. అందుకని ప్రతి పేలుడు తర్వాతా గొట్టంతో నీళ్ళు కొట్టి గోడంతా కడిగి, పాత కన్నాలన్నీ వెతికి చూసి, అప్పుడు గానీ కొత్త కన్నం మొదలుపెట్టరు. మిగిలిన మందుకు డ్రిల్లు తగిలిందంటే ఇక అంతే. క్యాంపులో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది.

"కడక్కుండా ఎలా?" అన్నాడు నాన్న.

"దీపం పెట్టి చూస్తాను. ప్రతి కన్నం నేనే చూస్తాను తీతె."

"దుమ్ము కింద ఏం కనిపిస్తుందిరా?"

"నేను చూస్తానన్నాను కదా." బేపి గొంతు కొంచెం లేచింది. "చెప్పాల్సింది చెప్పాను ఇంజనీరుకి. సినిమావాళ్ళు ఏమడిగితే అది చెయ్యమని పైనుంచి వచ్చిందట."

"ఒక్కసారిలో అయిపోతుంది నాన్నా," అన్నాడు అన్నయ్య. "ఒట్టు. రేపు కెమెరా వైపు చూడనే చూడను."

అన్నయ్య ఒట్టు నిలబెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున నేను పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నాను. సొరంగంలోంచి రాళ్ళు మోసుకొచ్చే చిన్న రైలు చప్పుడు మా క్యాంపులో రాత్రీ పగలూ ఉండేది. ఉందని కూడా మర్చిపోయి బతికేవాళ్ళం. అది ఆగిపోయింది. పక్కింటి పెరట్లో, దాని పక్క పెరట్లో ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. చాలాసేపటికి కొండ దారిన బేపి దిగి రావడం కనిపించింది. ఎవరి ఇంటి ముందు ఆగుతాడా అని అందరం చూశాం. అందరి ఇళ్ళూ దాటి మా గుమ్మం ముందుకు వచ్చాడు. తలమీద టోపీ తియ్యలేదు, కనుబొమ్మలు కూడా తెల్లగా దుమ్ము పట్టి ఉన్నాయి.

"నాన్నని పిలు తల్లీ," అన్నాడు.

నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలిచే మనిషి.

ఎలా జరిగిందో ఆ తర్వాత వంటింట్లో కూర్చుని నాన్నకు చెప్పాడు. అన్నయ్య డ్రిల్లు ఎత్తాడు. రాయినే చూశాడు. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. కార్మొడీ చెయ్యెత్తి చాలు, బాగుందన్నాడు. కెమెరా ఆగింది. అన్నయ్య డ్రిల్లు ఆపేలోపే రాయి పేలింది. కెమెరాకు అడ్డం రాకూడదని మిగతావాళ్ళందరూ దూరంగా ఉన్నారు కాబట్టి ఇంకెవరికీ ఏమీ కాలేదు. ఒక రాతి ముక్క తగిలి కార్మొడీ చెంప చీరుకుంది.

విచారణ జరిగింది. ప్రమాదం అని రాసుకున్నారు. బేపి సినిమా సంగతి చెప్పబోతే, అడిగినదానికి మాత్రం జవాబు చెప్పమన్నారట. సినిమా గురించి ఎవరూ అడగలేదు.

ఎల్దా అప్పటికి సముద్రం మధ్యలో ఉంది. ఓడకు తంతి కొట్టించవచ్చని ఫాదరు చెప్పాడు. నాన్న ఒప్పుకోలేదు.

"ఎవరున్నారు ఆ పిల్లకి ఆ ఓడలో? ఏడిస్తే పట్టుకునే మనిషి కూడా లేదు. దిగనివ్వండి. మనమే చెబుదాం," అన్నాడు.

నాన్న చెప్పింది ధర్మమే. కానీ ఆ మిగతా రోజులన్నీ ఆ పిల్ల మొగుడు బతికే ఉన్నాడనుకుంటూ ఓడలో రోజులు లెక్కపెట్టుకుంటోందన్న ఆలోచన నన్ను నిలవనిచ్చేది కాదు. ప్రపంచంలో అన్నయ్య ఇంకా బతికి ఉన్న చోటు ఆ ఓడ ఒక్కటే అనిపించేది.

సిడ్నీ రేవులో మాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. కొత్త సూట్లు తొడుక్కున్న పెళ్ళికొడుకులు, చేతుల్లో ఫోటోలు. ఓడ మీంచి అమ్మాయిలు చేతిలో ఫోటోలతో దిగుతున్నారు. ఫోటో చూడ్డం, మనిషిని చూడ్డం, మళ్ళీ ఫోటో చూడ్డం. ఒకడు వేరేవాడి పెళ్ళాన్ని కావలించుకోబోయి తిట్లు తిన్నాడు. జనం నవ్వుతున్నారు. ఎల్దా నీలం రంగు కోటు, స్కర్టు వేసుకుని దిగింది. మొగుడి ముందు దిగడానికని తనే కుట్టుకుందని తర్వాత తెలిసింది. మా వెనకాల ఉన్న మగవాళ్ళలో ఒక్కొక్కరి ముఖాన్నీ వెతికింది. తర్వాత, ఫోటోల్లో చూసిన నాన్నను గుర్తుపట్టింది.

"మామయ్యగారూ," అని వంగి చెయ్యి ముద్దు పెట్టుకుంది. "ఆయనకు సెలవు దొరకలేదా?"

నాన్న టోపీ తీశాడు. ఎల్దా ఆయన చేతికి కట్టిన నల్లగుడ్డను చూసింది. నా నల్లబట్టలు చూసింది.

"ఎప్పుడు?" అని మాత్రం అడిగింది.

మా ఇంటికొచ్చాక వాళ్ళ నాన్న దగ్గర్నుంచి కబురు మీద కబురు. తిరిగి వచ్చెయ్యమని, ఏప్రిల్ ఓడకు టికెట్టు కొన్నానని. ఎల్దా అలాగే అంది. నాతో మాత్రం ఇంకో మాట చెప్పింది.

"వెళ్ళాక అడుగుతారు కదా నీవెస్, నీ మొగుడు ఎలా ఉంటాడే అని. ఏం చెప్పను? సమాధి రాయి చూపించారు. ఫోటో నా దగ్గరే ఉంది. ఆయన నడిస్తే ఎలా ఉంటుంది, నవ్వితే ఎలా ఉంటుంది, నన్ను చూస్తే ఎలా చూస్తారు, నాకేం తెలుసు? పెళ్ళాన్ని అని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది."

మార్చిలో సినిమా తయారై వచ్చింది. ఆడించడానికి ముందు కార్మొడీ మా ఇంటికి వచ్చాడు. చెంప మీద గాయం మానింది గానీ గీత ఉండిపోయింది. సాంతె ఉన్న ముక్క తీసెయ్యమని పైవాళ్ళను అడిగానని, సినిమా మొత్తంలో అదే బాగుందని వాళ్ళు ఒప్పుకోలేదని చెప్పాడు. నాన్న వినీ విననట్టు చెక్క చిత్రిక పట్టుకుంటూ ఉండిపోయాడు. ఎల్దా నా భుజం పట్టుకుంది. "ఆయన అందులో ఉన్నారటా? ఉన్నారనే అంటున్నాడా?" అంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల హాలు కిటికీలకు కంబళ్ళు కట్టి ఆడించారు. సొరంగం లోపల ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూసింది అప్పుడే. బాగుంది. ఆ మాట చెప్పడానికి నాకు ఒళ్ళు మండుతోంది, కానీ నిజం. చర్చిలో సాంబ్రాణి పొగలోంచి ఎండ పడ్డట్టు ఆ దుమ్ములోంచి వెలుతురు పడుతోంది. ఆ వెలుతురులో అన్నయ్య పక్కకు తిరిగి నిలబడి ఉన్నాడు. భుజాలు, దవడ, దుమ్ము కొట్టుకుపోయిన చెంప. కొండ అంతటిదీ వాడి ముందు తలవంచుకున్నట్టు తీశారు. సిడ్నీ గొంతు ఒకటి దేశం గురించీ, రేపటి వెలుగుల గురించీ, పనివాళ్ళను కంటికి రెప్పలా కాపాడుకోవడం గురించీ చెబుతోంది. పేరు చెప్పలేదు. హాల్లో మగవాళ్ళందరూ టోపీలు తీసి లేచి నిలబడ్డారు. ఇంతలోనే ముక్క మారిపోయి నది వచ్చింది.

ఇంటికొచ్చాక ఎల్దా పెట్టెలోంచి అన్నయ్య ఫోటో తీసింది.

"ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు," అంది. "ఫోటోలో చూసినంత కూడా కనిపించలేదు."

నాకు మనసాగలేదు. "తిరిగాడు వదినా. ముందురోజు తీసినప్పుడంతా తిరిగి చూశాడు. నీకోసమే. ఎంత చూడొద్దన్నా వినలేదట." ఆ సాయంత్రం సంకటి తింటూ అన్నయ్య అన్నవన్నీ చెప్పాను. గాజు కన్ను వెనకాల నువ్వు కూర్చున్నట్టు ఉందన్నాడని, నువ్వు సముద్రం మీద ఉండగానే నిన్ను చూశానని చెబుతానన్నాడని. ఎల్దా మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. మేం అన్నయ్య పోయాక మొదటిసారి నవ్వాం.

"అవన్నీ ఏమయ్యాయి? ఆ ముక్కలు?" అంది.

మర్నాడు పొద్దున్నే కార్మొడీ దిగిన గెస్ట్‌హౌసుకు పరిగెత్తాను. ఆయన ఇబ్బందిగా చూశాడు. పనికిరాని ముక్కలు ఎవరూ దాచరట. ఫిల్ము మీద ఉండే వెండికోసం కరిగించేస్తారట. "ఈపాటికి పోయే ఉంటాయి. అయినా వెతుకుతాను," అన్నాడు.

రోజులు గడిచాయి. ఎల్దా పెట్టె సర్దుకుంది. కొండల్లో చలిగాలి మొదలైంది. ఇక రాదులే అని నేను ఆశ వదులుకున్నాక, ఒక మధ్యాహ్నం కార్మొడీ కారు తనే నడుపుకుంటూ వచ్చి మా గుమ్మం ముందు ఆపాడు. చేతిలో ఫిల్ము చుట్టలు పెట్టే గుండ్రటి రేకు డబ్బా ఉంది.

"నేను రాను," అన్నాడు నాన్న. "నా కొడుకు ఎలా చూస్తాడో నాకు తెలుసు."

ఎల్దా నల్లబట్టలు విప్పి నీలం కోటు, స్కర్టు వేసుకుంది. తల దువ్వుకుంది. నేను చూస్తుంటే, "మొదటిసారి కలుస్తున్నాను కదా," అంది.

హాల్లో మేమిద్దరమే ముందు కూర్చున్నాం. కార్మొడీ వెనకాల మెషిను దగ్గర నిలబడ్డాడు. ఎవరు చెప్పారో, దీపం తీసేశాక బేపి కూడా వచ్చి మా వెనక వరసలో కూర్చున్నాడు.

బొమ్మకు గొంతు లేదు, మెషిను చప్పుడు ఒక్కటే. ఎవరిదో చెయ్యి సుద్దతో రాసిన పలక పట్టుకుని పక్కకు తప్పుకుంది. అన్నయ్య డ్రిల్లు ఎత్తాడు, రాయికి ఆనించాడు, తిన్నగా మావైపు తిరిగి నవ్వాడు.

ఎల్దా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కార్మొడీ బొమ్మలోకి వచ్చి వాడి భుజం మీద చెయ్యేసి రాయివైపు చూపించాడు. అన్నయ్య గుండె మీద చెయ్యి పెట్టుకుని తప్పయిందన్నట్టు తలూపాడు. మళ్ళీ పలక. మళ్ళీ డ్రిల్లు. మళ్ళీ ఇటే చూశాడు. ఈసారి కనుబొమ్మలు కూడా ఎగరేశాడు. ఎల్దా పకపకా నవ్వింది. ఆ పిల్ల నవ్వు అలా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఎడమ చెంప మీద సొట్ట పడుతుంది నీవెస్. ఫోటోలో లేదు. చూడు, ఎలా చూస్తున్నారో. నన్నే కదూ?"

"నిన్నే," అన్నాను. అంత సంతోషం నాకు ఆ ఏడాదంతా కలగలేదు. అన్నయ్య ఇవ్వాల్సినది నా చేతుల మీదుగా ఇచ్చాననిపించింది.

వెనకనుంచి బేపి ముందుకు వంగాడు. ఆయన ఏడుస్తున్నాడు.

"గోడ చూశావామ్మా, ఎంత శుభ్రంగా ఉందో," అన్నాడు. "ఆ రోజు కడిగాం. నేనే గొట్టం పట్టుకుని కడిగాను. ప్రతి కన్నం చూశాను. నా మాట నమ్ము."

"మామా, ఊరుకో," అన్నాను.

ఎల్దా తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "ఏ రోజు కడగలేదు బాబాయ్?"

బేపి ముఖం తుడుచుకున్నాడు. ఎల్దా మళ్ళీ అడిగింది.

"మర్నాడు. గోడ ఆరేదాకా ఇంకోసారి కూర్చోడానికి వీల్లేదన్నారు. కడక్కుండానే..."

"మర్నాడు మళ్ళీ తియ్యడం ఎందుకు? ఇంత తీశారు కదా."

"ఇదంతా పనికిరాలేదు కదమ్మా," అన్నాడు బేపి, చిన్నపిల్లకు చెప్పినట్టు. "ప్రతిసారీ ఇటే చూస్తున్నాడు."

నా చేతిలోంచి ఎల్దా చెయ్యి జారిపోయింది. నాకు అప్పుడు అర్థమైంది. గోడ కడగలేదని నాకు తెలుసు. వాడు ఈ పిల్లకోసమే చూశాడనీ తెలుసు. ఆ రెండూ ఒకదానికొకటి ఇంత దగ్గరగా ఉన్నాయని ఆ క్షణందాకా నాకు తట్టలేదు.

తెర మీద కార్మొడీ మళ్ళీ వచ్చి, వేలితో కెమెరాను చూపించి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. వెనకాల ఉన్న కార్మొడీకి మా భాష రాదు. ఎల్దా నవ్వడం విన్నాడు కాబట్టి మెషిను ఆపలేదు. అన్నయ్య బుద్ధిగా తలూపాడు. మళ్ళీ పలక వచ్చింది.

"చూడకండి," అంది ఎల్దా.

మాతో అందేమో అనుకున్నాను. కానీ ఆ పిల్ల కుర్చీ అంచుకు జరిగి తెరకేసి వంగి ఉంది. గొంతు మెల్లగా ఉంది, ఇంట్లో మొగుడితో మాట్లాడుతున్నట్టు.

"ఇటు చూడకండి. ఈ ఒక్కసారికీ నా మాట వినండి. గోడవైపు చూడండి."

అన్నయ్య డ్రిల్లు ఎత్తి రాయికి ఆనించాడు. కాసేపు రాయినే చూస్తూ ఉన్నాడు. తర్వాత తల తిప్పి, ఎల్దాను చూసి నవ్వాడు.